శనివారం కుక్కర్ తప్పించుకున్న గాజు పళ్లెం

నేను ఒక గాజు పళ్లేన్ని. అరచేతిలో ఇమిడిపోతాను, నాకు సరిపడా ఒక గాజు మూత కూడా ఉంది. అయినా నాలో అన్నం పెట్టుకుని తినలేరు. నేను మేపేది కంటికి కనిపించని సూక్ష్మజీవులను.

నేను ఫిరోజాబాద్ కొలిమిలో పుట్టాను. మా పక్క కొలిమిలో పుట్టినవాళ్లంతా గాజులై పెళ్లికూతుళ్ల చేతులెక్కారు. నన్ను మాత్రం ఎండుగడ్డిలో చుట్టి, పెట్టెలో పెట్టి కాకినాడలో ఒక కాలేజీ ల్యాబ్‌కు పంపారు. అక్కడ మొదట నన్ను వాడుకున్నాయన నాలో పెరుగు బ్యాక్టీరియా పెంచి, డాక్టరేట్ పుచ్చుకుని, పోతూ పోతూ ఒక్క మాటైనా చెప్పలేదు. తర్వాత వచ్చినాయన నా తోడబుట్టిన నలుగురిని నేలపాలు చేసి, చేయి జారిందన్నాడు. మనుషుల చేయి జారినప్పుడల్లా పగిలేది మేమే.

నన్ను మనిషిలా చూసింది నూకరత్నం ఒక్కతే. ఆవిడ ల్యాబ్ అటెండరు. పాతికేళ్లుగా మమ్మల్ని కడిగే చేతులు ఆవిడవే. నిరుడు ఆవిడ రొమ్ములో కాన్సర్ అన్నారు. సూదులు గుచ్చడానికి అడ్డమని ఆసుపత్రిలో చేతి గాజులు తీయించారు. ఎర్రటి మందొకటి సీసాలకు సీసాలు ఎక్కించారు. జబ్బు తగ్గింది గానీ, ఆ మందు పోతూ పోతూ జుట్టుతోపాటు ముక్కుకు వాసన కూడా పట్టుకుపోయింది. జుట్టు మళ్లీ మొలిచింది. వాసన రాలేదు. చింతచిగురు రొయ్యల కూర వండుకుని, అది ఉడికిందో మాడిందో తెలియక పొయ్యి పక్కన కూర్చుని ఏడ్చానని ఒకరోజు నన్ను తోముతూ చెప్పింది. నాకు చెప్పిందో, తనలో తను అనుకుందో మరి.

నా ఆఖరి యజమాని రెహానా, డాక్టరేట్ కోసం పరిశోధన చేస్తున్న పిల్ల. మడ అడవుల బురదలో బతికే జీవులు కొన్ని, పక్కవాటిని దగ్గరికి రానివ్వకుండా ఒక రసం ఊరిస్తాయట. ఆ రసాల్లో ఏదో ఒకటి కాన్సర్‌కు మందవుతుందని ఆ పిల్ల నమ్మకం. మూడేళ్లు వెతికింది. దొరికినవన్నీ ఎవరో ఒకరు ముందే కనిపెట్టేసినవి. ఈసారి కూడా కొత్తది దొరక్కపోతే నెలాఖరుకల్లా పరిశోధన అంశం మార్చుకోమని గైడు గారు చెప్పేశారు. రెహానా ఆఖరిసారి కోరంగి మడ అడవికి వెళ్లి, మోకాళ్ల లోతు దిగబడి, గుప్పెడు బురద తెచ్చింది. సముద్రపు నీటితో కాచిన మేత మాలో పోసి, అది జున్నులా గట్టిపడ్డాక ఆ బురద నీళ్లు పూసింది.

మా ల్యాబ్‌లో ఒక ఆచారం ఉంది. వారం దాటిన పళ్లేలన్నీ శనివారం పెద్ద కుక్కర్‌లోకి వెళ్లాలి. ఆ ఆవిరికి లోపలున్నవన్నీ చస్తాయి. ఆ శనివారం రెహానా నన్ను వెలుతురుకు పట్టి చూసింది. నాలో అక్కడక్కడ తెల్లటి రవ్వలు కనిపించాయి. సముద్రపు ఉప్పు పేరుకుందనుకుని, ఇక ఉడకబెట్టేయమని మూత మీద ఎర్ర సిరాతో అడ్డగీత పెట్టింది. అది ఉప్పు కాదమ్మా అని అరుద్దామనుకున్నాను. గాజుకు నోరెక్కడిది?

నూకరత్నం నన్ను కుక్కర్ దాకా తీసుకెళ్లింది. అక్కడ నా మూత కొంచెం జారింది. ఆవిడ చటుక్కున ఆగిపోయింది. తల తిప్పి కిటికీ వైపు చూసింది. బయట ఎండ మండుతోంది. మళ్లీ నా వైపు చూసి, మెల్లగా మూత సరిచేసి, కుక్కర్‌లో పెట్టకుండా అల్మారాలో బ్రష్షుల డబ్బా వెనక దాచింది.

రెండు వారాలు చీకట్లో ఉన్నాను. నెలాఖరున రెహానా తన పుస్తకాలు సంచిలో సర్దుకుంటుంటే, నూకరత్నం నన్ను తెచ్చి బల్ల మీద పెట్టింది.

"తప్పు చేశానండి. దీన్ని ఉడకబెట్టలేదు."

రవ్వలు అప్పటికి ముగ్గు చుక్కలంత అయ్యాయి. రెహానా నన్ను మళ్లీ వెలుతురుకు పట్టి చూసింది.

"ఎందుకు ఉంచారు?" అంది.

"మూత జారిందండి. తొలకరప్పుడు మా గుమ్మంలో వస్తాది చూడండి, ఆ మట్టి వాసనేసింది. ఆరు నెల్లయ్యింది నా ముక్కుకి ఏదన్నా తగిలి. దాన్నెలా ఉడకబెడతానండి?"

"వాసన చూడకూడదని ఎన్నిసార్లు చెప్పాను? అసలే జబ్బుపడి లేచారు," అని కసురుకుంది రెహానా. ఆ కసురులో ఏడుపుంది.

ఆ చుక్కలు ఎవరి జాబితాలోనూ లేని కొత్త జీవులని నాలుగు నెలలకు తేలింది. గాజు పాత్రల్లో పెంచిన కాన్సర్ కణాల మీద వాటి రసం వేస్తే, పెరుగుదల ఆగింది. అంశం మార్చమన్న గైడు గారు, ఓపిక ఉండాలని తాను మొదట్నుంచీ చెబుతున్నానని అందరితో అన్నారు.

ఆ సాయంత్రం నూకరత్నం మమ్మల్ని తోముతుంటే రెహానా కుళాయి దగ్గరికి వచ్చింది. "మీకెక్కించిన ఎర్ర మందు కూడా ఇలాంటి మట్టి జీవి నుంచే వచ్చిందండీ," అని చెప్పింది.

నూకరత్నం చేతిలో బ్రష్షు ఆగింది. "మరి, ఇది మందెప్పుడవుద్దండి?"

"పదిహేనేళ్లు పట్టొచ్చు. అసలు కాకపోనూ వచ్చు."

ఆవిడ నన్ను మరో రెండుసార్లు తోమింది. "పోన్లెండి. నాకెక్కిన ఎర్ర మందు కనిపెట్టినోళ్లు నా మొకం చూశారేటండి?"

రెహానా కోటు చేతులు పైకి మడుచుకుని, పక్కన నిలబడి మిగతా పళ్లేలు కడిగింది.

ఆ తర్వాత ఒక శనివారం కుక్కర్ వేడికి నాకు చిన్న బీట పడింది. బీట పడ్డ పళ్లెం ల్యాబ్‌కు పనికిరాదు. నూకరత్నం నన్ను చెత్తలో వేయలేదు. కుళాయి పక్కన పెట్టి, నాలో సబ్బు ముక్క వేసింది. ఇప్పుడు ఆవిడ చేతులకు మళ్లీ ఆకుపచ్చ గాజులున్నాయి. సబ్బు తీసుకున్నప్పుడల్లా అవి నా అంచుకు తగులుతాయి. మా ఫిరోజాబాద్ వాళ్లే అయ్యుంటారు.