తప్పనిసరి సెలవు

ఆమె పనిచేసే పెద్ద బ్యాంకులో ఈ ఏడు కొత్త నియమం వచ్చింది. ముఖ్యమైన సీట్లలో ఉన్నవాళ్లు వరుసగా రెండు వారాలు ఇంట్లో కూర్చోవాలి. ఆ రోజుల్లో వాళ్ల పాస్‌వర్డు పనిచేయదు, ఆఫీసుకు ఫోను చేయకూడదు. ఎవరైనా తప్పుడు లెక్కలు రాస్తుంటే, ఆ సీట్లో మరొకరు కూర్చున్నప్పుడు బయటపడుతుందని పైవాళ్ల ఆలోచన. దొంగల కోసం పెట్టిన నియమం ముందుగా బంకమ్మ మెడకు చుట్టుకుంది.

రుణాల సీట్లో కుర్చీకి అతుక్కుపోతుందని తోటివాళ్లు ఆమెకు పెట్టిన పేరది. తను లేకపోతే ఆ శాఖ ఏమైపోతుందోనని ఆమెకు నిజంగానే బెంగ. మొదటి రెండు రోజులూ కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. తర్వాత చేసేదేం లేక బడికి వెళ్లి కూతుర్ని తీసుకొచ్చింది.

"రేపు కూడా నువ్వే వస్తావా?" అంది పిల్ల, నమ్మకం లేనట్టు.

"వస్తాను."

ఆ వారంలోనే అక్క ఇంటికి భోజనానికి వెళ్లింది. బావ ఒక చిన్న బ్యాంకుకు మేనేజరు. ఊళ్లో సగం మంది ఆయన్ని పేరు పెట్టి పలకరిస్తారు.

"మా దగ్గరికి వచ్చెయ్, మరదలా. అక్కడ నువ్వు వందలో ఒకదానివి. ఇక్కడైతే నీ మాటే చెల్లుతుంది. సెలవయ్యేలోపు ఏ సంగతో చెప్పు," అన్నాడు.

నోట్లో ముద్ద ఉండగానే ఫోను మోగింది. ఆయన ఎడమచేత్తో ఫోను పట్టుకుని వసారాలోకి వెళ్లాడు. కూర చల్లారిపోయింది.

"నా ఆపరేషన్ జరిగిన రోజున కూడా ఇంతే. ఆయన లేకపోతే అక్కడ తాళం కూడా తియ్యరు," అంది అక్క. ఫిర్యాదులా కాదు, మామూలుగానే అంది.

సెలవు చివరి రోజు దాకా ఆమె ఎటూ తేల్చుకోలేదు. మర్నాడు మధ్యాహ్నం చెబుతానని బావను బతిమాలుకుని, తన కోసం పేరుకుపోయిన పని ఊహించుకుంటూ తెల్లారాక ఆఫీసుకు వెళ్లింది. ఏమీ పేరుకుపోలేదు. శాఖ ఎప్పటిలాగే సాఫీగా నడుస్తోంది. ఆమె సీట్లో కూర్చున్నమ్మాయి ఏ పనీ మిగల్చకుండా చేసి, కుర్చీ ఎత్తు మాత్రం మార్చి వెళ్లింది. "ఓ, వచ్చేశారా? మీ సెలవింకా నడుస్తోందేమో అనుకున్నా," అన్నాడు శాఖ మేనేజరు, తలెత్తకుండా. ఆమె మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ల చాకిరీకి దక్కింది ఇదా అని ఏడుపొచ్చినంత పనైంది.

భోజనాల వేళ బావ ఫోను చేసేసరికి, అక్క ఇంట్లో చల్లారిపోయిన కూర గుర్తొచ్చింది.

"నేను లేనట్టు కూడా ఇక్కడెవరికీ తెలియలేదు, బావా."

"అందుకే కదా రమ్మంటున్నా."

"అందుకే రాను."

ఆయనకు అర్థం కాలేదు. వివరించే ఓపిక ఆమెకూ లేదు. సాయంత్రం వేళకు కంప్యూటర్ ఆపేసి లేచింది. ఎవరూ తలెత్తి చూడలేదు. బడి గేటు దగ్గర మాత్రం ఒక పిల్ల, ఆమె ఇంకా వీధి మలుపులో ఉండగానే చూసి పరుగెత్తుకొచ్చింది.