చాలు అనకూడని పడవ

ఆ పడవలో ఉప్పుకి కరువు లేదు, గాలికి కరువు లేదు, ఒక్క మాటకే కరువు. బయల్దేరిన రోజునే మొగుడూ పెళ్ళాం ఆ మాటని మూటగట్టి పక్కన పెట్టేశారు. ఆ మాట 'చాలు'.

ఒప్పందం ఆయన పెట్టిందే. "వాదనలో నిన్ను గెలవడం నావల్ల కాదు," అన్నాడు రేవులో పడవ తాడు విప్పుతూ. "అందుకని ఒకటి అనుకుందాం. ఇద్దరిలో ఎవరు చాలు అన్నా, రెండోవాళ్ళు ఎందుకని అడక్కుండా పడవ వెనక్కి తిప్పెయ్యాలి. సరేనా?"

ఆవిడ సరేనంది. అనకపోతే ఆయన పడవ ఎక్కేలా లేడు.

ఆవిడ దర్జీ. బట్టలు కాదు, తెరచాపలు కుట్టే దర్జీ. రేవు పక్క కొట్లో ఏళ్ళ తరబడి పరాయివాళ్ళ తెరచాపలు కుట్టింది. అవి అవతలి ఒడ్డు చూసి, చిరిగి, ఉప్పు పట్టి తిరిగొచ్చేవి. మళ్ళీ కుట్టి పంపేది. తన కుట్టు అంతదూరం వెళ్ళొస్తుంటే తను మాత్రం మిషను ముందునుంచి కదల్లేదన్న దిగులు ఆవిడని ముల్లులా గుచ్చేది. ఈ పడవ తెరచాప ఒక్కటే తనకోసం కుట్టుకుంది. అవతలి ఒడ్డు కళ్ళారా చూస్తే తప్ప ఆవిడ మనసు కుదుటపడదు.

ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నీళ్ళంటే పడదు. "మా అన్నయ్యకి బకెట్లో నీళ్ళు కదిలినా కళ్ళు తిరుగుతాయి, ఆలోచించుకో వదినా," అని ఆడపడుచు ముందే చెప్పింది. అన్నంతా అయింది. మొదటి రోజుల్లో ఆయన కడుపులో నిలిచినదానికంటే సముద్రానికి సమర్పించిందే ఎక్కువ. అయినా ఆ మాట మాత్రం అనలేదు. వడ్డిస్తుంటే కూడా అనకుండా గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆ చెయ్యి లేచినప్పుడల్లా ఆవిడ గుండె గుభేలుమనేది. ఏదో ఒక రోజు చెయ్యికి బదులు మాటే వచ్చేస్తుందని భయం.

ఒకరు చుక్కాని పట్టుకుంటే ఇంకొకరు గదిలో పడుకోవాలి. గదంటే పేరుకి గది. ఒక పడక, ఒక పొయ్యి, గరిటె తగిలించుకునే కొక్కెం, అంతే. పడక ఒకటే కావడంతో ఎప్పుడు నడుం వాల్చినా రెండోవాళ్ళ వెచ్చదనం అందులో మిగిలే ఉండేది. స్నానం ఉప్పునీళ్ళతోనే. మంచినీళ్ళు తాగడానికి మాత్రమే, అదీ పొదుపుగా. పడవ పడమరకి పోతోంది గనక పొద్దున్నే ఎండ వెనక తలుపులోంచి దిగొచ్చి పొయ్యి మీద పడేది. అదే వాళ్ళ గడియారం. రోజులు ఒకదాన్నొకటి పోలి, ఏది నిన్నో ఏది మొన్నో తెలియకుండా కలిసిపోయేవి.

ఆ రోజు మధ్యాహ్నం గాలి పక్కనుంచి మెత్తగా వీస్తోంది. సముద్రం ఇస్త్రీ చేసిన బట్టలా పరుచుకుని ఉంది. ఆవిడ పడుకోగానే కల వచ్చింది. కలలో తను చిన్నపిల్ల. గచ్చు మీద కూర్చుంటే అమ్మ చెంబుతో నీళ్ళు పోస్తోంది. గోరువెచ్చని మంచినీళ్ళు. జుట్టు మీంచి, కళ్ళ మీంచి, వీపు మీంచి జారుతున్నాయి. అమ్మ ఆపదు, నీళ్ళు తరగవు. గచ్చూ గోడా అమ్మా అన్నీ మెల్లగా తేలుతున్నాయి.

కళ్ళు తెరిచేసరికి పొయ్యి మీద ఎండ ఉంది. తెల్లారిపోయిందన్నమాట. రాత్రంతా ఆయన్ని ఒక్కణ్ణే కూర్చోబెట్టి మొద్దులా నిద్రపోయానని తనని తాను తిట్టుకుంటూ, టీ పెట్టి పైకి తీసుకెళ్ళింది.

"లేపచ్చు కదండీ, తెల్లారేదాకా వదిలేశారు."

"తెల్లారడమేంటి, పొద్దుగూకుతుంటే," అన్నాడాయన ఆవిడ మొహం చూడకుండా.

ఆవిడ వెనక్కి తిరిగింది. పడవ వెనక, అది గీసుకుంటూ వచ్చిన నీటిచార మీదికి, సూర్యుడు ఎర్రగా దిగుతున్నాడు. ఎదురుగా దిగాల్సినవాడు. విషయం బుర్రకెక్కడానికి కాస్త టైం పట్టింది. పడవ వెనక్కి తిరిగింది.

ఆయనవల్ల కాలేదు, అనుకుంది. తను నిద్రలో ఉండగా ఆ మాట అనేసుంటాడు. నోటిదాకా వచ్చిన 'ఎందుకు'ని మింగేసింది. అడక్కూడదు. ఏడుపొచ్చింది. ఆయన మీద కోపమన్నా వస్తే బాగుండేది, అదీ రాలేదు. తను కుట్టిన తెరచాపే సిగ్గూ శరమూ లేకుండా తనని వెనక్కి మోసుకుపోతోంది.

ఆయన కప్పు అందుకుని ఒక గుక్క తాగాడు. "బెంగపడకు. ఇంటికెళ్ళాక కుళాయి తిప్పుకుని నీ ఇష్టమొచ్చినంతసేపు నీళ్ళు పోసుకుందువుగాని."

చాలన్నది ఆయనైతే ఓదార్పు తనకెందుకు చెబుతున్నాడో ఆవిడకి అర్థం కాలేదు. "ఇందాకే పోసుకున్నాలెండి, కలలో," అంది నీరసంగా. "అమ్మ పోస్తూనే ఉంది. చాలమ్మా, చాలు అంటున్నా వింటేగా."

మాట జారిందని నాలిక్కరుచుకుంది. ఆయన కప్పు కింద పెట్టాడు.

"నేను విన్నాను," అన్నాడు. "గట్టిగానే అన్నావు. చాలు, చాలు అని."

"నిద్రలో అన్న మాటకి పడవ తిప్పేస్తారా?"

"బస్సులో దిగుతానన్నవాళ్ళని ఎందుకు దిగుతున్నావని ఏనాడూ అడగలేదు నేను."

ఆవిడ నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు తుడుచుకుంది. చుక్కాని మీద చెయ్యి వేసి కూడా తిప్పలేకపోయింది. ఇన్నాళ్ళూ తన అవతలి ఒడ్డు గురించే తలుచుకుంది తప్ప, ఆయన కడుపులో ఏముందో ఒక్కసారన్నా అడగలేదు. వాదిస్తే గెలుస్తుందని తెలుసు. గెలవాలనిపించలేదు. ఆయన చాలంటే వెనక్కే, ఈసారి నిజంగానే.

గిన్నెలో మిగిలిన టీ ఆయన కప్పులో పొయ్యబోయింది. అలవాటుగా ఆయన చెయ్యి అడ్డం వచ్చింది. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని పక్కకి తీసింది.

"నోటితో చెప్పండి. మీకు చాలా?"

ఆయన పడవ పోతున్న వైపు చూశాడు. వెనక దిగుతున్న ఎర్రటి పొద్దు వైపు చూశాడు.

"తిప్పాక నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలీదు," అన్నాడు. తర్వాత కప్పు ముందుకి జరిపాడు. "చాల్లేదు."

ఆవిడ కప్పు నిండా పోసి, చుక్కాని తిప్పింది.