మూసిన గవాక్షి

అటక మీది కార్పెట్ చుట్టను దించేసరికి రెడ్డెమ్మ చేతులకు నల్లటి బూజు అంటుకుంది. కింద నిలబడ్డ మామా, అదే ఆ ఇంటి యజమానురాలు, ముక్కు మూసుకుంది. ఆ కార్పెట్లు మామా వాళ్ల చనిపోయిన అమ్మవి.

"ఇంకొక్కసారి తడి కనిపిస్తే ఖలాస్! నిన్ను తెచ్చిన ఆఫీసుకే పంపేస్తా" అని విసవిసా వెళ్లిపోయింది.

రెడ్డెమ్మకు భయం వేయాలి. వేయలేదు. సల్వాలో ఈ అరబ్బుల ఇంటి పని పోతే, సొంతూరు రాయచోటిలో వేరే దిక్కు లేదని తెలుసు. కానీ వేసవిలో మొగుడు పోయాడని ఫోనొచ్చిన నాటి నుంచీ ఏ మాటైనా చెవిదాకా వచ్చి ఆగిపోతోంది. లోపలికి దిగడం లేదు.

ఆ ఇంటి డ్రైవరు భీమరాజు తారు డబ్బా తెచ్చాడు. ఆయనది అమలాపురం వైపు.

"ఏంటండీ రెడ్డెమ్మగారూ, చినుకు లేదు కదా, రేకులెలా ఉరుస్తాయండీ? మబ్బుకి మీరంటే మరీ ఇష్టమేమో!"

"ఎగతాళి సాలు గానీ డబ్బా ఇయ్యి బీమన్నా. బొక్క యాడుందో సూసి పూస్తా."

అటకెక్కి టార్చి వేసింది. బొక్క ఎక్కడా లేదు. రేకు అడుగంతా చెమట బొట్లు. ముట్టుకుంటే చల్లగా ఉంది. కింద తన గదిలో బట్టలారబెట్టే మెషీన్ తిరుగుతోంది. దాని వేడి ఆవిరి చెక్కల సందుల్లోంచి మొహానికి కొట్టింది. అన్నం గిన్నె మూత కింద నీళ్లు పట్టినట్టే ఉంది. ఆవిరి పోయే దారేదీ?

టార్చి వెలుగు కొసన గాలి గొట్టాలు రెండు కనిపించాయి. రెంటికీ గోనెపట్టా బిగించి ఉంది. ఆ ముడి తనదే.

వాళ్ల ఊరి మిద్దెల్లో మబ్బు పట్టగానే ఎవరో ఒకరు పైకి పరుగెత్తి, కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాక్షి మూస్తారు. ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక్కడ తొలి వానకు తనూ అలాగే పరుగెత్తింది. బొట్టు కారిన ప్రతిసారీ ఇంకాస్త బిగించింది.

"బీమన్నా, ఇది ఉరుపు కాదు. కప్పుకు సెమట పట్టింది. నేనే మూసినా."

"ఓరి నాయనో! వాటికి పైన రేకు టోపీలున్నాయి కదండీ, వాన లోపలికి రాదు!"

ఆమె పట్టాలు పీకేసింది. గాలి ఆడింది. మర్నాటికి రేకు పొడిగా ఉంది.

జరిగింది జరిగినట్టు మామాకు చెప్పింది. మామా అటకెక్కి రేకుకు చెయ్యి ఆనించి చూసింది. "మంచిదే. కానీ ఆఫీసుకు చెప్పేశాను. కొత్త మనిషి బయల్దేరింది" అంది.

రెడ్డెమ్మ తలూపి, వెళ్లి పెట్టె సర్దుకుంది.

కొత్తామె అరుణజ్యోతి, రైల్వే కోడూరు మనిషి. ఆమెకు ఇస్త్రీ, మెషీను చూపించి, అటకెక్కించింది రెడ్డెమ్మ.

"ఈ గొట్టాలు ముయ్యొద్దు."

"వానొస్తేనో అక్కా?"

"వచ్చినా ముయ్యొద్దు."

"మా మిద్దెకు మూస్తామే!"

"మేమూ మూస్తాము. ఈడ ముయ్యొద్దు. ముయ్యనని నోటితో సెప్పు."

అరుణజ్యోతి చెప్పింది. రెడ్డెమ్మను ఆఫీసులో దింపడానికి వీధిలో భీమరాజు కారు స్టార్ట్ చేశాడు. ఆమె నిచ్చెన దిగింది.