గోడకు చెప్పిన పాఠం

మాది బత్తలపల్లెలో కిరాణా అంగడి. గిరాకీ ఎక్కువగా ఉన్నప్పుడు మా ఇంట్లో అందరం ఒకే తీరుగా పనిచేస్తాం. వీపు గిరాకీ వైపు, చేతులు అరల్లో, నోరు మాత్రం ఆగదు. "ఏమప్పా, కందిబ్యాళ్లు కిలోనా, అరకిలోనా?" అని అరలనే అడుగుతాం, జవాబు వెనక నుంచి వస్తుంది. చిన్నప్పటి నుంచి అక్కడ నిలబడ్డదాన్ని కాబట్టి, బీఈడీలో చేరినప్పుడు గొంతు పెంచమని నాకెవరూ చెప్పలేదు. తగ్గించమనే చెప్పారు.

టీచింగ్ ప్రాక్టీసుకు నన్ను రాప్తాడు దాటాక ఒక పల్లె హైస్కూలుకు వేశారు. సోషల్ నా సబ్జెక్టు, తొమ్మిదో తరగతి నాకిచ్చిన తరగతి. అందులో కల్పన అనే పాప ఉండేది. ఐదో తరగతిలో ఉండగా జ్వరమొచ్చి వినికిడి చాలా మటుకు పోయింది. చెవికి మిషను ఉంది గానీ, దాంతో చప్పుడు తెలిసేది తప్ప మాట తెలిసేది కాదు. మాటను మనుషుల పెదాల మీద చూసి పట్టుకునేది. ఇట్లాంటి పిల్లలకు ముఖం కనబడేటట్లు నిలబడి మాట్లాడాలని మాకు కాలేజీలో చెప్పారు. దానికోసం ఒక పేపరే ఉంది. ఆ పేపర్లో అందరికంటే ఎక్కువ మార్కులు నావే.

ఒకరోజు ఆ పాప తండ్రి ఎర్రన్న బడికి వచ్చాడు. శనగ పొలం, కొన్ని గొర్రెలు ఉన్న మనిషి. వరండాలో నన్నూ, ఆ బడి సోషల్ సారు శ్రీరంగప్పనూ చూసి తువ్వాలు దులుపుకుంటూ అన్నాడు.

"పాపను ఇంటికి పిల్చుకపోతాండా సార్. చదువు తలకెక్కల్యా. ఈడకొచ్చి గోడలు చూసుకుంటా కూసుంటే ఏమొస్తాది? ఇంటికాడుంటే గొర్రెల్నన్నా చూసుకుంటాది."

శ్రీరంగప్ప సారు నిదానంగా నచ్చజెప్పబోయాడు. నాకు అంత నిదానం లేదు. "అన్నా, వచ్చే గురువారం నా ఆఖరి పాఠం ఉండాది. పరీక్ష తీసుకునేదానికి బయట నుంచి మేడం వస్తారు. నువ్వూ వచ్చి కిటికీ కాడ నిలబడి చూడు. మీ పాప జవాబు చెప్పకపోతే నువ్వే పిల్చుకపో, నేను అడ్డం రాను" అన్నాను.

ఎర్రన్న నన్ను ఎగాదిగా చూశాడు. "సరే మేడం, మాట మాటే" అని వెళ్లిపోయాడు.

"ఏమమ్మా ప్రసూనా, ఆ పాప చదువును పందెం పెట్టేదానికి నీకు హక్కు ఎవరిచ్చినారు?" అన్నాడు శ్రీరంగప్ప సారు. ఆయన కోపంగా అనలేదు, అందుకే నాకు ఇంకా భయమేసింది.

భయానికి మా ట్రైనీల దగ్గర ఒక మందు ఉంది. ఆఖరి పాఠానికి ముందురోజే ప్రశ్నలు పిల్లలకు పంచిపెట్టేస్తాం. ఎవరు ఏ ప్రశ్నకు లేవాలో, ఏం చెప్పాలో అంతా ముందే నేర్పించి పెడతాం. పరీక్షకు వచ్చేవాళ్లకూ ఇది తెలుసు, తెలియనట్లు కూర్చుంటారు. నా పాఠం వానల గురించి. మొదటి ప్రశ్న ఒక పాపకు, రెండోది భరత్‌కు, మూడోది కల్పనకు ఇచ్చాను. "వర్షచ్ఛాయ ప్రాంతం అంటే ఏమి?" అన్నదే ఆ మూడో ప్రశ్న. కల్పనను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "భరత్ కూర్చున్న వెంటనే నువ్వు లేచి చెప్పెయ్" అన్నాను. నా ప్రశ్న వినిపించినా, వినిపించకపోయినా పని జరిగిపోతుంది. ఎంత తెలివిగా ఆలోచించానా అని రాత్రి హాయిగా నిద్రపోయాను.

గురువారం వచ్చింది. వెనక బెంచీలో పరీక్ష మేడం రామసుబ్బమ్మగారు, పక్కన శ్రీరంగప్ప సారు కూర్చున్నారు. కిటికీ బయట ఎర్రన్న నిలబడ్డాడు. చూస్తే మొదటి ప్రశ్న పాప బడికి రాలేదు. తొందరలో ఆ ప్రశ్నకు కూడా భరత్‌నే లేపాను. "నైరుతి రుతుపవనాలు మేడం" అని చక్కగా చెప్పి కూర్చున్నాడు. నేను బోర్డు వైపు తిరిగి పశ్చిమ కనుమలు గీస్తూ, మా అంగట్లో అరల్ని అడిగినట్లే రెండో ప్రశ్న బోర్డును అడిగాను. "ఆ గాలులు ఏ దిక్కు నుంచి వస్తాయి?"

భరత్ కూర్చోవడం కల్పన చూసింది. లేచింది. "కొండలకు అవతలి పక్క వాన తక్కువ పడే ప్రాంతాన్ని వర్షచ్ఛాయ ప్రాంతం అంటారు" అని ఒక్క తప్పు లేకుండా చెప్పింది.

తరగతంతా నవ్వింది. చాక్‌పీసు నా చేతిలోనే ఉండిపోయింది. కిటికీ వైపు చూశాను. ఎర్రన్న తల దించుకుని తువ్వాలు భుజం మీద సర్దుకుంటున్నాడు. వెళ్లిపోవడానికి సిద్ధమయ్యాడని అర్థమైంది. ఆ పాపను ఇంటికి పంపింది ఎర్రన్న కాదు, నేనే అనిపించింది.

కల్పన కూర్చోలేదు. పిల్లల నోళ్లు చూసింది, నా ముఖం చూసింది. తర్వాత మెల్లగా అంది.

"మేడం, మీరు గోడకు చెప్పినారు. నాకు కనపడల్యా. ఇట్ల తిరిగి అడగండి, చెప్తా."

నవ్వు ఆగిపోయింది. వెనక నుంచి రామసుబ్బమ్మగారు, "అడుగమ్మా, ఆ పాప చెప్పినట్లే అడుగు" అన్నారు.

నేను చాక్‌పీసు బల్ల మీద పెట్టాను. బోర్డును వదిలేసి కల్పన ఎదురుగా వచ్చి నిలబడ్డాను. నేర్పించిన ప్రశ్న అడగడానికి నాకు మనసొప్పలేదు. "మన ఊర్లల్లో వాన ఎందుకు సరిగా పడదు?" అని అడిగాను. అది ఎవరికీ నేర్పించని ప్రశ్న.

కల్పన నా పెదాలు చూసింది. కొంచెం ఆలోచించింది.

"కొండలు అడ్డమొస్తాయి మేడం. మబ్బులు ఆపక్కే నీళ్లన్నీ దించేసి, మన పక్కకు ఊరికే వస్తాయి. మా నాయన ప్రతేడూ ఇత్తనమేసి మబ్బు తట్టు చూస్తా ఉంటాడు. ఆయప్ప చెయ్యి మంచిది కాదంటారు ఊర్లో. చెయ్యి కాదు మేడం, కొండలు."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అందరి ముందూ తుడుచుకున్నాను. మిగిలిన పాఠం ఎట్లా చెప్పానో తెలియదు గానీ, బోర్డు మీద ఏదైనా రాసినప్పుడు నోరు మూసుకున్నాను. తిరిగి నిలబడ్డాకే తెరిచాను. గంట కొట్టాక రామసుబ్బమ్మగారు నా దగ్గరికి వచ్చి, "చార్టు బాగుండాది. పాఠం ఎట్ల చెప్పల్లో ఆ పాప నీకు చెప్పింది, మర్చిపోవద్దు" అని భుజం తట్టి వెళ్లారు.

మర్చిపోలేదు. ఇప్పుడు నాకంటూ ఒక బడి ఉంది, రోజూ తరగతులు ఉన్నాయి. చాక్‌పీసు కింద పెట్టిన ప్రతిసారీ ఆ పాపకు మనసులోనే దండం పెట్టుకుంటాను. నాకు చదువు చెప్పిన వాళ్లు చాలామంది ఉన్నారు. పాఠం చెప్పడం నేర్పింది మాత్రం ఆమే.

ఆరోజు గంట కొట్టాక ఎర్రన్న గేటు వైపు నడిచాడు. కల్పన సంచీ తీసుకుని వెనకే పోయింది. తనను ఇంటికి పిలుచుకుపోతున్నాడనే అనుకుంది పాపం, నేనూ అట్లే అనుకున్నాను. ఎర్రన్న ఎప్పటిలాగే ముందు నడుస్తూ, నేల చూస్తూ ఏదో చెప్తున్నాడు. కల్పనకు ఒక్క మాటా తెలియదు, ఊరికే వెంట నడుస్తోంది.

గేటు దగ్గర ఆయన ఆగాడు. వెనక్కి తిరిగాడు. ముఖానికి అడ్డమొచ్చిన తువ్వాలు తీసేసి, కూతురి ముందు కొంచెం వంగి, పెదాలు కదలడం బాగా కనబడేటట్లు నిదానంగా చెప్పాడు.

"సంచీ ఏంటికి తెచ్చినావు? లోపలికి పో. నేను గొర్రెల కాడికి పోతాండా. సాయంత్రం బిరీన రా."

కల్పన తలూపి తరగతికి తిరిగొచ్చింది.