ఎంటర్ కొట్టినా ఆగిన వాక్యం

రుయ్‌లిన్‌కి పెళ్లయి నలభై రోజులు. ఈ నలభై రోజుల్లో భర్త యెన్‌హావ్ దగ్గర ఆమె దాచింది ఒకే ఒక్క సంగతి. దాచలేక నాలుగు రోజులుగా కడుపు ఉబ్బిపోతోంది.

ఆ సంగతి తూనీగ గురించి. టెర్మినల్ అనే నల్లటి తెర మీద మామూలు మాటల్లో ఒక పని చెబితే, దానికి కావలసిన కోడ్ రాసిపెట్టే సహాయకి తూనీగ. అది ఏ కంపెనీదీ కాదు. ఎక్కడెక్కడివాళ్లో తీరిక వేళల్లో రాస్తారు. ఎవరైనా దాని లోపలంతా తెరిచి చూడవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపవచ్చు. కాకపోతే, ఆ దిద్దుబాటు లోపలికి వెళ్లాలంటే ఇద్దరు కాపలాదార్లలో ఒకరు సరేననాలి. ఒకరు బుసాన్‌లో ఉండే ఓక్ సుజిన్ అనే ఆవిడ. రెండోవాడు, రాత్రి రుయ్‌లిన్ దుప్పటి మొత్తం లాక్కుని పడుకునే యెన్‌హావ్.

రుయ్‌లిన్ తైనాన్ నగరంలో ఒక గ్రంథాలయంలో కంప్యూటర్ల పని చూస్తుంది. తూనీగ లేనిదే ఆమెకి రోజు గడవదు. పేచీ అంతా ఎంటర్ మీటతోనే. చైనీస్ టైపు చెయ్యాలంటే ముందు శబ్దం కొట్టాలి, కింద వరసగా వచ్చిన అక్షరాల్లో కావలసినదాన్ని ఎంటర్‌తో ఖాయం చేసుకోవాలి. ఇంగ్లీషులో కొట్టేవాళ్లకి ఎంటర్ అంటే పంపెయ్యడమే. తూనీగ కూడా అలాగే అనుకునేది. అక్షరం ఖాయం చేద్దామని మీట నొక్కితే, సగం వాక్యం పట్టుకుని తుర్రుమనేది. పెళ్లయిన వారానికే, "పాత పాఠకుల పేర్లు తీసెయ్యి, కానీ ముందు నన్ను అడుగు" అని రాయబోతుంటే మొదటి సగం వెళ్లిపోయింది. పేర్లు ఎగిరిపోయాయి. ఇంకోచోట నకలు ఉండబట్టి ఉద్యోగం నిలిచింది.

ఆ తప్పు తనే దిద్దాలనుకుంది. మూడు వారాలు మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కన పెట్టుకుని దిద్దింది. చెబితే యెన్‌హావ్ ఎగిరి గంతేసేవాడు. కానీ పెళ్లి విందులో అతని స్నేహితుడొకడు గ్లాసు పైకెత్తి అన్న మాట ఆమెకి గుచ్చుకుని ఉండిపోయింది.

"ఇంకేం వదినా! కాపలాదారు నీ గుప్పిట్లోకి వచ్చేశాడు. ఇక నువ్వు పిచ్చిగీతలు గీసి పంపినా లోపలికే!"

అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. అందుకే నాలుగు రోజుల కిందట 'ముల్లంగి' అన్న మారుపేరుతో పంపింది. పని బాగుంటే లోపలికి వెళ్లాలి, బాగోలేకపోతే వెనక్కి రావాలి. ఫలానావాడి పెళ్లామని వెళ్లకూడదు. అంతే ఆమెకి కావలసింది.

బుసాన్ ఆవిడ రెండుసార్లు తిప్పి పంపింది. మొదటిసారి, "జపనీస్, కొరియన్ టైపు చేసేవాళ్ల సంగతి చూశారా?" అని. రెండోసారి, "కోడ్‌లో ఈ మూడు వరసలూ దండగ" అని. రెండుసార్లూ రుయ్‌లిన్ స్నానాల గదిలో తలుపేసుకుని ఆవిణ్ణి తిట్టుకుంది, ఆనక ఆవిడ చెప్పిందే నిజమని ఒప్పుకుని దిద్దింది. చివరికి యెన్‌హావ్ కంప్యూటర్ మీద ఉండే ఆకుపచ్చ చిరుతిండి పొట్లానికి కూడా దండం పెట్టుకుంది. యంత్రాలు మొరాయించకుండా అక్కడివాళ్లు వాటి నెత్తిన పెట్టే పొట్లం అది. పచ్చరంగుదే ఉండాలి, తేదీ దాటకూడదు, విప్పి తినకూడదు. ఆమె పాత ల్యాప్‌టాప్‌కి అలాంటి భాగ్యం లేదు.

ఇంత జరుగుతున్నా యెన్‌హావ్ దాని జోలికి రాలేదు.

ఆదివారం పొద్దున ఇద్దరూ వీధి చివర ఫలహారాల కొట్టుకి వెళ్లారు.

"రా అందగత్తే! అందగాడా, నీకు మామూలేనా?" పెనం మీంచి తలెత్తకుండానే అరిచింది కొట్టు ఆవిడ. ఆవిడకి ఎనభై ఏళ్ల తాతయ్య కూడా అందగాడే.

"నాకు ముల్లంగి కేకు, అత్తా. అంచులు మాడాలి. కారం రెండు చెంచాలు," అంది రుయ్‌లిన్.

కూర్చున్నాక, సోయా పాలు ఊదుకుంటూ మెల్లగా అడిగింది.

"మీ తూనీగకి కొత్తవాళ్లెవరైనా ఏమైనా పంపారా?"

"ఆఁ, ఎవరో పంపారు. నేను చూడలేదు."

"నాలుగు రోజులైనా చూడలేదా!"

"నాలుగు రోజులని నీకెవరు చెప్పారు?"

రుయ్‌లిన్ కేకు ముక్క మొత్తం నోట్లో కుక్కేసుకుంది. అదే క్షణాన బల్ల మీద ఆమె ఫోను గుర్రుమంది. ఓక్ సుజిన్ నుంచి. "మూడు భాషల్లోనూ సరిగ్గా పనిచేస్తోంది. చేర్చేశాను. చక్కటి పని, ముల్లంగీ."

ఆమె వేసిన కేకకి పక్క బల్ల తాతయ్య గుడ్డు అట్టు జారవిడిచాడు.

"లోపలికి వెళ్లిందా?" అన్నాడు యెన్‌హావ్ తాపీగా.

రుయ్‌లిన్ నోరు తెరుచుకుంది. "నీకు... ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి రోజు నుంచీ. దిద్దుబాటుని పరీక్షించడానికి నమూనా వాక్యం ఏం రాశావో గుర్తుందా? 'ముల్లంగి కేకు అంచులు మాడాలి, కారం రెండు చెంచాలు.' తైనాన్ మొత్తం వెతికినా అంత కారం తినే పిచ్చిది ఇంకొకతి దొరకదు."

"దొంగ! మరి సరేననో కాదనో అనలేదేం?"

"నేను సరేనంటే, నీకు జన్మంతా అనుమానమే. కాదంటే, నాకు ఆ పూట తిండి ఉండదు." కారం గిన్నె ఆమె వైపు జరిపాడు. "అందుకే ఓక్ గారికి ఒక్క ముక్క రాశాను, ఇది నేను ముట్టుకోకూడదు, మీరే చూడండి అని. ఎందుకని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. నువ్వు స్నానాల గదిలో తిట్టినవన్నీ మాత్రం విన్నాను."

"అన్నీనా?"

"గోడ పలచన కదా. ఆ రెండోసారి తిట్టింది నాకే కొత్తగా ఉంది."

రుయ్‌లిన్ బల్ల కింద అతని కాలు తొక్కింది, తొక్కిన కాలు తియ్యకుండా అలాగే ఉంచింది.

ఇంటికొచ్చాక యెన్‌హావ్ సంచిలోంచి కొత్త ఆకుపచ్చ పొట్లం తీశాడు. తేదీ రెండుసార్లు చూసి, ఆమె ల్యాప్‌టాప్ పక్కన నిలబెట్టాడు. ఎప్పుడు కొన్నావని ఆమె అడిగితే, నాలుగు రోజులైందన్నాడు.

ఆమె కొత్త తూనీగని ల్యాప్‌టాప్‌లోకి దించుకుంది. అతను వెనక నిలబడి భుజం మీద గడ్డం ఆనించాడు. 'యెన్‌హావ్ చాలా మంచివాడు' అని శబ్దాలు కొట్టి, ఎంటర్ నొక్కింది. అక్షరాలు కుదురుకున్నాయి. వాక్యం ఎక్కడికీ పరిగెత్తలేదు, ఆమె కోసం అక్కడే ఆగింది.

"బాగుంది, బాగుంది. పంపెయ్," అన్నాడు యెన్‌హావ్.

"ఆగవయ్యా," అంది రుయ్‌లిన్. "నువ్వు గిన్నెలు తోమని సంగతి ఇంకా రాయలేదు."