అక్కకిచ్చిన మాత్రలు

మా లాండ్రీలో దుప్పటి మడత పెట్టాలంటే ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. లాడ్జీల నుంచి రోజుకి నాలుగు వందల దుప్పట్లు వచ్చేవి. డ్రయర్ల పక్కనే పని కాబట్టి చెమట ధార కట్టేది. పదకొండేళ్ళు నాకెదురుగా నిలబడ్డ మనిషి మా తోడికోడలు, మా ఆయన అన్నగారి భార్య. ఇల్లూ ఒకటే. నేను అక్కా అని పిలిచేదాన్ని. తోడికోడళ్ళిద్దరు ఒకే గదిలో పనిచేస్తే పైకప్పు నిలవదని మేస్త్రీ మొదటిరోజే పరాచికాలాడాడు. నిలిచింది. పోట్లాడుకోని రోజు లేదు గానీ, పోట్లాట వల్ల దుప్పటి కొస జారిన రోజు కూడా లేదు.

మడతబల్ల దగ్గర జోడీలకి ఒక పద్ధతి ఉంది. ఒకరు నోట్లో ఏం వేసుకుంటే రెండోవాళ్ళకీ అది పెట్టాలి. టీ అయినా, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళయినా, తలనొప్పి బిళ్ళయినా సరే. ఒకరి చెయ్యి నీరసిస్తే దుప్పటి నేలమీద పడుతుంది. పడిందంటే మళ్ళీ ఉతుక్కి పంపాలి, ఇద్దరికీ చీవాట్లు. అందుకని మందు పంచుకోవడం మాకు మంచితనమేమీ కాదు, అదీ పనిలో భాగమే.

రెండేళ్ళ కిందట నాకు పిక్కలు పట్టేయడం మొదలైంది. కనురెప్ప అదేపనిగా అదిరేది. ఏదో కలిసొస్తుందిలే అని అక్క నవ్వేది. కలిసిరావడం మాట దేవుడెరుగు, ఒకరోజు వేళ్ళు కొంకర్లు పోయి కొసలు వదిలేశాను. మా వీధి చివర క్లినిక్‌లో డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, ఒంట్లో మెగ్నీషియం బాగా తగ్గిపోయిందని చెప్పింది. గ్యాస్ బిళ్ళలు ఎన్నాళ్ళ నుంచి మింగుతున్నావని అడిగింది. ఆరేళ్ళన్నాను. ఎవరు రాసిచ్చారంటే ఏం చెప్పను, ఎవరూ రాయలేదు. అవి ఏళ్ళ తరబడి వాడితే కొందరికి ఇలా తగ్గుతుందట.

గ్యాస్ బిళ్ళలు మాన్పించి మెగ్నీషియం మాత్రలు రాసింది. రోజుకొకటి, అన్నం తిన్నాక. పొద్దున వేసుకునే థైరాయిడ్ బిళ్ళకీ దీనికీ నాలుగు గంటలు ఎడం. విరేచనాలైతే వచ్చి చెప్పాలి, రెండు వారాలకి మళ్ళీ రక్తం పరీక్ష. రాసేముందు నా కిడ్నీల రిపోర్టు రెండుసార్లు చూసింది.

"నీ కిడ్నీలు బాగున్నాయి కాబట్టి ఇస్తున్నా. బాగోలేని వాళ్ళకి ఇది బయటికి పోదు, ఒంట్లోనే పేరుకుపోతుంది," అంది.

విన్నాను. వినలేదని ఇప్పుడు అబద్ధమాడను. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

నా వేళ్ళు మళ్ళీ నా మాట వినడం మొదలుపెట్టాక అక్క కళ్ళు నా మాత్రల మీద పడ్డాయి. ఆమెకి పన్నెండేళ్ళుగా షుగరు. పొద్దున్నే పాదాలు వాచి చెప్పుల్లో పట్టేవి కావు. నిలబడి చేసే ఉద్యోగం కదా అని ఇద్దరం సరిపెట్టుకునేవాళ్ళం. ఆమెకీ పిక్కలు పట్టేసేవి. నాకూ ఇవ్వవే డాక్టరమ్మా అని నన్ను వెక్కిరిస్తూనే చెయ్యి చాపింది. వెళ్ళి చూపించుకుని ఏడవొచ్చుగా అని తిట్టి మరీ ఇచ్చాను. మనిషి నాకంటే దిట్టంగా ఉంటుంది కాబట్టి రోజుకి రెండు. నా తెలివి తెల్లారినట్టే ఉంది. దానికితోడు ఆమెకి మలబద్ధకం. అందుకు రోజూ తాగే తెల్ల సిరప్పు కొనితెచ్చేదాన్నీ నేనే. అందులో ఉన్నదీ మెగ్నీషియమేనని సీసా మీద రాసే ఉంది. చదివిన పాపాన పోలేదు.

మూడు వారాలు గడిచాయి. అక్క మారిపోయింది. పక్క మీద వాలితే చాలు నిద్ర. మాటకి మాట అంటించే మనిషి, నేనేమన్నా సరేలే అని ఊరుకునేది. వికారంగా ఉందని టిఫిను వదిలేసేది. నాకు సంతోషమేసింది. చూశావా నా వైద్యం అని ఆమె దగ్గర గొప్పలు పోయాను. కొసలు కలపడానికి నడిచొచ్చేటప్పుడు ఆలస్యమవుతుంటే, పెళ్ళినడకలు నడుస్తున్నావేమిటని ఎగతాళి చేశాను. ఒంట్లో విషం ఎక్కుతున్న మనిషిని చూస్తూ జబ్బు తగ్గుతోందనుకున్నాను. తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం.

బావగారికి తాళాలు బాగుచేసే దుకాణం ఉంది. మాట చాలా తక్కువ. నాలాంటి వాగుడుకాయకి అలాంటి మనిషిని చూస్తే గుబులు. లోపల ఏమనుకుంటున్నారో, ఎప్పుడు బయటపడుతుందో అని నేనే ఊహించుకుని హడలిపోయేదాన్ని. ఆ చివరి వారంలో ఒకరోజు ఆయన గుమ్మంలో నిలబడి, మీ అక్క మరీ మత్తుగా ఉంటోంది, కొత్తగా ఏమన్నా వాడుతోందా అమ్మా అని అడిగారు. లేదన్నాను. దీనికి డాక్టరు వేషాలు కూడానా అనుకుంటారేమోనని భయం. అంతే, అంతకంటే కారణం లేదు.

తర్వాత నాలుగు రోజులకి, పొద్దున ఎనిమిదింటి వేళ, అక్క దుప్పట్ల గుట్టకి ఆనుకుని కూర్చుంది. మళ్ళీ లేవలేకపోయింది. కాళ్ళు కదల్లేదు, రెప్పలు ఎత్తలేకపోయింది, మాట ముద్దగా వచ్చింది. మేస్త్రీ డెలివరీ వ్యానులో మమ్మల్ని ఆసుపత్రికి చేర్చాడు. బావగారు దుకాణం వదిలేసి వచ్చారు. డాక్టరు నాడి చూసి మరీ నెమ్మదిగా ఉందన్నాడు. ఏం మందులు వాడుతుందని అడిగితే బావగారు షుగరు బిళ్ళల పేర్లు చెప్పారు.

"ఇంకేమన్నా? బలానికి మాత్రలు, సిరప్పులు, ఎవరైనా ఇచ్చినవి?" అని డాక్టరు నా వైపు తిరిగాడు.

బావగారు కూడా నా వైపే చూశారు.

"ఇంకేమీ లేవండీ," అన్నాను.

పక్షవాతమేమోనని తలకి స్కాన్ రాశారు. స్కాన్ గది ముందు చాంతాడంత వరస. మాత్రల అట్ట నా చేతిసంచిలోనే ఉంది. ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని గంటల తరబడి కూర్చున్నాను. ఇప్పుడు చెబితే ఇందాక ఎందుకు లేదన్నావంటారు. ఆ రోజు గుమ్మంలో ఎందుకు లేదన్నావంటారు. అయినా రెండు మాత్రలకే మనిషి ఇలా అయిపోతుందా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. దేవుడా, ఆమె తలలో ఏదైనా గడ్డ కనిపించేలా చెయ్యి, తప్పు నాది కాకుండా చెయ్యి అని మొక్కుకున్నాను. అంతకి దిగజారాను.

తలలో ఏమీ లేదు. రక్తం రిపోర్టులో మాత్రం కిడ్నీలు చాలావరకు చెడిపోయాయని వచ్చింది. నర్సు ఆ మాట అనగానే డాక్టరమ్మ చెప్పినదంతా అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. అక్క మంచం దగ్గరికి వెళ్ళాను. ఆమె కష్టం మీద కళ్ళు తెరిచి, నన్ను పోల్చుకుంది.

"ఇవాళ నీ బిళ్ళ వేసుకున్నావా?" అంది. సగం సగం మాటలు. "వేసుకో. లేకపోతే మళ్ళీ వేళ్ళు పట్టేస్తాయి."

నర్సు దగ్గరికి పరిగెత్తి మాత్రల అట్ట ఆమె చేతిలో పెట్టాను. రోజుకి రెండు, మూడు వారాలుగా, పైన తెల్ల సిరప్పు కూడా అని మొత్తం కక్కేశాను. అప్పటికి పన్నెండున్నరయింది. డాక్టరు వచ్చి నన్నేమీ అడగలేదు, అడిగే తీరిక లేదు. నరంలోకి కాల్షియం ఎక్కించారు. కాసేపు నాడి పుంజుకుంది. డయాలసిస్ చేస్తే మెగ్నీషియాన్ని బయటికి లాగొచ్చన్నారు. మిషను పై అంతస్తులో ఉంది. స్ట్రెచరు మీదికి మార్చి తీసుకెళ్తుంటే, లిఫ్టు దగ్గరే గుండె ఆగిపోయింది. అక్కడే నేల మీద అరగంటసేపు ఛాతీ నొక్కారు. లాభం లేకపోయింది.

కాగితాల మీద సంతకాలయ్యాక బావగారు వచ్చి నేను కూర్చున్న బల్లకి ఆ చివర కూర్చున్నారు. డాక్టరు ఆయనకి జరిగిందంతా చెప్పాడని తెలుసు. ఇప్పుడు కొడతారు, కొట్టాలి, కొడితే బాగుండునని ఎదురుచూస్తున్నాను. ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"పొద్దున డాక్టరు అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీకు భయపడి, బావగారూ."

ఆయన నా ముఖంలోకి చూశారు. కోపం లేదు. నా మాట నిజంగా అర్థం కాలేదాయనకి.

"నాకా? నేను నిన్ను ఎప్పుడన్నా ఒక్క మాటన్నానా?"

వెతికాను. కాపురానికి వచ్చిన రోజు నుంచి వెతికాను. ఆయన ఆకలితో వచ్చిన పూట అన్నం మాడబెట్టాను. ఎవరి ఇంటివో తాళంచెవుల గుత్తి చెత్తతోపాటు ఊడ్చి పారేశాను. ఆయన భార్యతో ఆయన ఎదుటే పదకొండేళ్ళు గొంతు చించుకుని పోట్లాడాను. ఆయన గొంతు పెంచిన రోజు ఒక్కటంటే ఒక్కటి దొరికితే చాలు, దాన్ని పట్టుకుని ఎలాగోలా బతికేదాన్ని.

"లేదు," అన్నాను.