బతికున్న మనిషి కబురు

ఎవాంజెలిన్ చనిపోయిందన్న కబురు ఎవాంజెలిన్‌కే ఫోన్లో తెలిసింది. రోడ్డు తవ్వకాలకు మూగబోయిన ఫోన్ ఆ ఉదయమే మళ్లీ మోగింది. చేసినవాడు అబ్రహాం, ఒకప్పుడు ఆమెతో పాటు దవాఖానలో పనిచేసిన కాంపౌండర్. ఇంట్లోవాళ్లను ఓదారుద్దామనుకున్నవాడికి ఆమె గొంతే వినపడేసరికి పేరు రెండుసార్లు అడిగాడు.

"నిన్న నీ ఈమెయిల్ నుంచే వచ్చిందమ్మా. గుండె ఆగి పోయినవని, ఇయ్యాల సమాధి చేస్తరని. నా బిడ్డ చదివి చెప్పింది."

"గ్రేస్‌కు కూడ వచ్చిందా?"

"వచ్చిందట. పొద్దుగాలనే కాజీపేటల రైలెక్కిందట, ఒక్కతే."

ఎవాంజెలిన్ ఫోన్ పెట్టేసింది. గ్రేసూ ఆమే కలిసి నర్సింగ్ చదివిన రోజుల నుంచి ఒకే ప్రాణంగా ఉన్నవాళ్లు. పోయినేడే గ్రేస్‌కు గుండె ఆపరేషన్ అయింది.

చెప్పులు సరిగా తొడుక్కోకుండానే కొత్తగూడ చౌరస్తాలోని ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లింది. దాన్ని నడిపే జ్యోత్స్నే ఆమెకు ఈమెయిల్ నేర్పింది. సంగతి విని జ్యోత్స్న చేతిలో పని పక్కన పెట్టింది.

"ఆంటీ, మొన్న లేచేటప్పుడు సైన్ అవుట్ చేశారా?"

"తెర మీది బొమ్మ మూసేసి లేచిన."

"మూస్తే చాలదండి. తర్వాత కూర్చున్నవాళ్లకు మీ ఉత్తరాలన్నీ తెరిచే ఉంటాయి. ఇది నేను గట్టిగా చెప్పి ఉండాల్సిందండి."

ఇంటర్నెట్ లైను రెండుసార్లు తెగి మూడోసారి కలిసింది. పంపినవాటిలో ఆ ఉత్తరం ఉంది. ఎవరో ఆకతాయి పని. కొత్త పాస్‌వర్డ్‌గా గ్రేస్ పేరు పెడతానంటే జ్యోత్స్న వద్దంది. "మీవాళ్ల పేర్లు ఎవరైనా ఊహిస్తారండి. మీకు తప్ప ఎవరికీ తట్టనిది పెట్టండి, నాకు కూడా చెప్పకండి." తర్వాత ఎవాంజెలిన్, తాను బతికే ఉన్నానని అందరికీ రాసింది. కానీ దారిలో ఉన్న గ్రేస్‌కు అది ఎలా చేరుతుంది?

గ్రేస్ రైలు దిగి ఎక్కే సికింద్రాబాద్ బస్సులు ఆగేది ఎదురుగానే. తనను హఠాత్తుగా చూస్తే ఆ గుండె తట్టుకుంటుందా? నర్సుగా ఆమెకు ఆ భయం బాగా తెలుసు.

"జ్యోత్స్నా, నువ్వు పోయి నిలబడు. సమాధికని వస్తది కద, తెల్లచీర కట్టుంటది, బక్క మనిషి. ముందు నీడల కూసోబెట్టు, నీళ్లు తాగిపియ్యి. తప్పుడు కబురని మెల్లగ చెప్పు."

అద్దం తలుపు వెనక నిలబడి ఎవాంజెలిన్ వచ్చే ప్రతి బస్సునూ చూసింది. దిగినవాళ్లలో గ్రేస్ లేదు. దారిలోనే ఏమన్నా అయిందా? ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో మాటలు మరిచిపోయింది.

ఎండ నడినెత్తికొచ్చాక గ్రేస్ దిగింది, చేతిలో పూల పొట్లం. జ్యోత్స్న ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి ఏదో చెబుతోంది. గ్రేస్ చేయి ఛాతీ మీదికి వెళ్లింది. ఎవాంజెలిన్ ఇక ఆగలేకపోయింది. రోడ్డు దాటి వెళ్లి, మాట్లాడకుండా ముందు ఆమె నాడి పట్టుకుంది. వేగంగా కొట్టుకుంటోంది, కానీ లయ తప్పలేదు.

గ్రేస్ ఆమె ముఖం తడిమి చూసింది. "నీ సమాధికి నేను పూలు తెస్తే, నువ్వు నా నాడి చూస్తున్నవానే," అంది.

"నాడి గట్టిగున్నది. అది చాలు."

"ఇంకా ఎవరెవరికి పోయిందే ఆ కబురు?"

వాళ్లతో నర్సింగ్ చదివిన కరీంనగర్ లచ్చమ్మ నుంచి మాత్రం ఇంకా జవాబు రాలేదు. ఇద్దరూ లేచి, ఒకరినొకరు పట్టుకుని పక్కనున్న ఎస్టీడీ బూత్‌కు నడిచారు.

"నువ్వొద్దు," అంటూ రిసీవర్ గ్రేస్ అందుకుంది. "ముందు నేను మాట్లాడుత."